ఈశాన్యంలో బరువు

మా కాలేజీలో చెడ్డవాళ్ళు లేరు. ఈ మాట ముందే చెప్పేస్తే మంచిది. వీరవేణి సంగతి ఎవరికి చెప్పినా "ఇంతకీ ఆ పని చేసిన దుర్మార్గుడెవరండీ?" అని అడుగుతారు. దుర్మార్గుడంటూ ఒకడుంటే వాడి గుమ్మం ముందు నిలబడి నాలుగు దులిపేసి వచ్చేదాన్ని. నా నోటి సంగతి రాజమండ్రిలో తెలియనివాళ్ళు తక్కువ. కానీ అందరూ మంచివాళ్ళే అయితే ఎవర్ని తిడతాం? మంచితనం మీద ఏ కోర్టులో కేసు వేస్తాం?

నా పేరు దేవకుమారి. డిగ్రీ పిల్లలకి లెక్కలు చెబుతాను. వీరవేణి మా దగ్గర చేరింది తొంభై ఏడులో. ఆత్రేయపురం పిల్ల. పసితనంలోనే పోలియో వచ్చి రెండు కాళ్ళూ చచ్చుబడిపోయాయి. తండ్రి లేడు. తల్లి సత్తెమ్మ పూతరేకులు చేసి ఇంటర్ దాకా చదివించింది. కూతురికి రాజమండ్రిలో సీటు వచ్చేసరికి ఊళ్ళో పొయ్యి ఆర్పేసి, మా కాలేజీ వెనక సందులో ఒక గది తీసుకుని, ఆ గదిలోనే మళ్ళీ రేకులు తీసే కుండ బోర్లించుకుంది. ల్యాబులుంటే నిలబడాలని, నిలబడక్కర్లేని గ్రూపు చూసుకుని లెక్కలు, ఎకనామిక్స్, స్టాటిస్టిక్స్ తీసుకుంది వీరవేణి. డిగ్రీ అయ్యాక బి.ఎడ్. చేసి లెక్కల టీచరు కావాలని ఆ పిల్ల కోరిక.

క్లాసు మేడ మీద. నేను వెళ్ళేసరికి వీరవేణి ముందు బెంచీలో కూర్చుని ఉండేది. అందరూ వెళ్ళిపోయాకా కూర్చునే ఉండేది. చదువంటే ఎంత శ్రద్ధో అనుకున్నాను. మిగతా పిల్లలు నేను బోర్డు మీద రాసింది రాసినట్టు ఎక్కించుకునేవాళ్ళు. ఈ పిల్ల కలం పక్కన పెట్టి నా మొహంలోకి చూసేది. చూసిందంటే సందేహం వచ్చినట్టే. లిమిట్స్ మొదలుపెట్టిన రోజున, "దగ్గరికి వెళ్తూనే ఉంటుంది, చేరదంటున్నారు. అంటే గేటు దాకా వచ్చి ఆగిపోయినట్టా మేడమ్, లోపలికి వచ్చినట్టేనా?" అని అడిగింది. క్లాసంతా నవ్వింది. నేను నవ్వలేదు. ఆ ప్రశ్నకి జవాబు చెప్పడానికి నాకు మిగతా గంటంతా పట్టింది. అంత ఆనందంగా నేను పాఠం చెప్పిన రోజులు వేళ్ళ మీద లెక్కపెట్టుకోవచ్చు.

ఒకరోజు పేపర్లు దిద్దుకోవాలని, అటెండరు తాళాలు తీసే వేళకే కాలేజీకి వెళ్ళాను. మెట్ల మీద టపటపా చప్పుడు. చూస్తే వీరవేణి. చేతులకి హవాయి చెప్పులు తొడుక్కుని, పుస్తకాల సంచీ మెడకి తగిలించుకుని, ఒక్కో మెట్టు మీదికీ ఒంటిని ఈడ్చుకుంటూ ఎక్కుతోంది. పరికిణీ అంతా దుమ్ము. నన్ను చూసి ఆగింది.

"గుడ్మార్నింగ్ మేడమ్" అంది, మెట్టు మీంచే.

నాకు ఎటు చూడాలో తెలియలేదు. అందుకా ఇది అందరికంటే ముందు రావడం, అందరి తర్వాత పోవడం! "మగపిల్లల్ని ఎవరినైనా సాయం పట్టమనకపోయావా?" అన్నాను, ఏదో ఒకటి అనాలి కనక.

"మొదటివారం పట్టారండి. కుర్చీతో సహా ఎత్తారు. మంచోళ్ళేనండి పాపం. మెట్ల మధ్యలోకొచ్చాక కుర్చీ ఒరిగింది. ఓణీ జారిపోయింది. కుర్చీ వదిలితే పడిపోతాను, వదలకపోతే ఓణీ సర్దుకోలేను. పైకొచ్చేదాకా అలాగే ఉన్నానండి. ఇంక ఎవరూ ఎత్తొద్దండి నన్ను."

ఆ తర్వాత నా కళ్ళు ఆ పిల్ల మీదే ఉండేవి. మధ్యాహ్నం అన్నం తినేది, సీసాలో నీళ్ళు మాత్రం ముట్టేది కాదు. మన ఎండలు తెలిసినవే, ఫాల్గుణంలోనే నాలుక పిడచకట్టుకుపోతుంది. సాయంత్రానికి కూడా సీసా నిండుగానే ఉండటం చూసి ఉండబట్టలేక అడిగాను.

"తాగితే వెళ్ళాలి కదండీ" అంది, తల వంచుకుని.

ఆడపిల్లల బాత్రూములు కింద, దొడ్డి చివర ఉన్నాయి. మేడ దిగాలి, వరండా మెట్లు దిగాలి, మళ్ళీ అన్నీ ఎక్కాలి, అదీ అందరూ చూస్తుండగా. అందుకని పొద్దున్నుంచి చుక్క నీళ్ళు తాగదట. సాయంత్రం గదికి వెళ్ళి చెంబుడు ఒక్కసారే తాగేస్తుందట. ఏమీ విశేషం కానట్టు చెప్పింది. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ మంటతోనే ప్రిన్సిపాల్ గదిలోకి వెళ్ళాను.

మా ప్రిన్సిపాల్ భాస్కరం గారు ఎంత మెత్తని మనిషంటే, చీమకి కూడా దారిచ్చి పక్కకి తప్పుకుంటారు. నేను చెప్పింది విని కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "అయ్యో, అయ్యో, ఇన్నాళ్ళూ మనకి తెలియకుండా పోయిందేంటండీ!" అన్నారు.

"తెలిసింది కదండీ. క్లాసు కిందకి మార్చండి. వరండాకి ర్యాంపు కట్టించండి."

"ర్యాంపంటే, గోదాట్లోకి ఇసుక లారీలు దిగేదాండీ?"

"మెట్ల పక్కన వాలుగా కట్టేదండీ. మొన్ననే ఢిల్లీలో చట్టం కూడా వచ్చింది, ఇలాంటి పిల్లలకి దారి చూపించాలని."

"ఢిల్లీ చట్టం కాకినాడ దాకా రావాలి, అక్కణ్ణించి మన దాకా రావాలి. ఈలోగా మనమే చేసేద్దామండీ" అన్నారాయన. అన్నట్టే చేశారు కూడా. కింద పాత రీడింగ్ రూము ఖాళీ చేయించి లెక్కల క్లాసుకిచ్చారు. ఎనభై ఆరు వరదల్లో నీళ్ళు లోపలికొచ్చాయని అరుగు ఎత్తు పెంచి కట్టిన బిల్డింగది, అందుకే కిందికి మార్చినా మెట్లు తప్పలేదు. కాలేజీ పిల్లలే ఇటుకలు మోసి, ఇసుక జల్లించి, తాపీమేస్త్రీకి సాయపడ్డారు. గేటుకి ఎదురుగా, మెట్ల పక్కన, పొడుగ్గా వాలు తయారైంది.

సిమెంటు ఆరిన రోజున వీరవేణి అన్నాళ్ళూ గేటు దగ్గరే వదిలేసి వచ్చే తన మూడుచక్రాల బండి పెడలు చేత్తో తిప్పుకుంటూ గేట్లోంచి వచ్చి, ఆగకుండా వాలెక్కి, వరండా దాటి, తిన్నగా క్లాసులోకి వచ్చేసింది. ఎవరూ ఎత్తలేదు. ఎవరూ తొయ్యలేదు. పిల్లలు చప్పట్లు కొడితే సిగ్గుపడి, "పాఠం చెప్పండి మేడమ్" అంది. పదకొండు గంటల వేళ నేను బోర్డు మీంచి తిరిగి చూసేసరికి సీసా ఎత్తి గటగటా నీళ్ళు తాగుతోంది. అందరి ముందూ, క్లాసు మధ్యలో. ఆ రోజు నేను బోర్డు మీద కూడిక తప్పు వేశాను. కళ్ళు సరిగ్గా కనపడలేదు.

అక్కడితో ఆగిపోతే ఎంత బాగుండేది!

ఆ రోజుల్లో మా ఊరికి వాస్తు జ్వరం పట్టింది. ఉన్న గోడలు పడగొట్టి లేని గుమ్మాలు పెట్టారు. ఉన్న బావులు పూడ్చి పక్కనే కొత్తవి తవ్వారు. మా కాలేజీ కరస్పాండెంట్ పెద్దిరాజు గారు కూడా మంచివారే. ఎందరో పేదపిల్లల ఫీజులు ఆయనే కట్టుకున్నారు. ర్యాంపు కట్టిన కొన్నాళ్ళకి వాళ్ళబ్బాయి కొవ్వూరు నుంచి మోటారుసైకిలు మీద వస్తూ పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. వంతెన మీద లారీని దాటబోయాడట. లారీవాడిదీ తప్పు కాదు, కుర్రవాడి తొందరదీ తప్పు కాదు. వాస్తు చూసే సిద్ధాంతి గారు వచ్చి కాలేజీ చుట్టూ తిరిగి తప్పెక్కడుందో పట్టేశారు. ర్యాంపుతో ఈశాన్యంలో బరువు పెరిగింది. ఈశాన్యం బరువెక్కితే మగసంతానానికి గండం. పగలగొట్టాల్సిందే అన్నారు.

"పోనీ ఇంకో మూల కట్టిద్దామండీ" అన్నాను.

సిద్ధాంతి గారు చాలా ఓపిగ్గా చెప్పారు. ఆగ్నేయంలో పెంచితే అగ్నిభయం. దక్షిణం గేటు ఎలాగూ తెరవకూడదు. పడమర గోడ వెనక వేరేవాళ్ళ స్థలం. వాయవ్యం కదిపితే కోర్టు గొడవలు. ఎనిమిది దిక్కులూ ఒకటొకటిగా మూసేశారు. మీరు క్రిస్టియన్లు, మీకీ పట్టింపులు తెలియవులెండి అని నా నోరు కూడా మూశారు. నేను మా పాస్టరు అయ్యగారి దగ్గరికి పోయి చెప్పుకున్నాను. "ఆ అమ్మాయిని ఆదివారం తీసుకురామ్మా, కాళ్ళు వచ్చేలా ప్రార్థన చేద్దాం" అన్నారాయన. "మన గుడికీ మెట్లున్నాయి కదండీ అయ్యగారూ" అన్నాను.

ఇంక నాకు మిగిలిన ఆశ సత్తెమ్మ ఒక్కతే. కన్నతల్లి వచ్చి ఏడిస్తే భాస్కరం గారు తట్టుకోలేరని, పెద్దిరాజు గారు కూడా కరుగుతారని నా లెక్క. ఆమెకి అంతా చెప్పి, దగ్గరుండి ప్రిన్సిపాల్ గదికి తీసుకెళ్ళాను. పెద్దిరాజు గారూ అక్కడే కూర్చుని ఉన్నారు. మనిషి సగమైపోయారు పాపం. వీరవేణి బండి గుమ్మం బయట ఆగింది.

సత్తెమ్మ చేతులు జోడించింది. "ఆ ర్యాంపు పగలగొట్టించేయండి బాబూ" అంది.

నేను సరిగ్గా విన్నానా అనుకున్నాను.

"మా పిల్ల బండి కోసం పెద్దింటి బిడ్డకి కీడు జరగడమేంటండీ! ఆ పాపం మాకొద్దండి. ఒక బిడ్డ కాళ్ళు పోతే తల్లికెలా ఉంటుందో నాకు తెలుసండి. పగవాళ్ళకి కూడా వద్దండి ఆ బాధ." కొంగు చాటు నుంచి ఒక పొట్లం తీసి బల్ల మీద పెట్టింది. "రాత్రి చేశానండి, నెయ్యి రేకులు. బాబుకి పెట్టండి. మెత్తగా ఉంటాయి, మంచం మీదుండి తినొచ్చండి."

పెద్దిరాజు గారు ఆ పొట్లం మీద చెయ్యేసి ఏడ్చేశారు. భాస్కరం గారూ ఏడ్చారు. సత్తెమ్మ సరేసరి. ముగ్గురూ అంత నిజంగా ఏడుస్తుంటే నేనొక్కతినే రాయిలా నిలబడ్డాను. ఆ తల్లిని ఏమనను? నా బిడ్డకే అలా జరిగి ఎవరైనా అలా భయపెడితే నేను మాత్రం ఏం చేసేదాన్నో ఎవరు చూశారు? అయినా ఆ పొట్లం తీసి కిటికీలోంచి విసిరేయాలన్నంత కోపం వచ్చింది.

బయటికి వచ్చాక వీరవేణి నా వైపు చూసింది. సందేహం ఉన్నప్పటి చూపే అది.

"మేడమ్, ఆ బాబు కాలు అతుక్కున్నాక మళ్ళీ కట్టిస్తారాండీ?"

"క్లాసుకి వేళైంది, పద" అన్నాను.

పగలగొట్టడానికి కూడా ముహూర్తం పెట్టారు. గురువారం పొద్దున్న సమ్మెటలు పట్టుకుని వచ్చారు. ఇటుకలు మోసిన పిల్లలే కిటికీల్లోంచి చూశారు. కాలు విరిగినవాడి కోసం కాళ్ళు లేనిదాని దారి విరగ్గొట్టారు. ఆ చోటు బోసిగా ఉందని పాత మెట్లు కూడా తీయించి, నున్నటి నల్లరాయి మెట్లు వేయించారు. చూడ్డానికి చాలా బాగున్నాయి.

"ఎవరో ఒకరు ఎత్తి లోపల కూర్చోబెడతారులెండి. ఆ అమ్మాయికి చెప్పండి, మొహమాటపడొద్దని" అన్నారు భాస్కరం గారు. ఎత్తించుకోవడం ఎందుకు వద్దంటోందో ఓణీ సంగతితో సహా చెప్పాను. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. "ఆడపిల్లల్నే పెడదామండీ" అన్నారు. ఆడపిల్లలు కూడా ప్రయత్నించారు. వీరవేణి కాళ్ళే సన్నం గాని, చేతులతో నడిచిన ఒళ్ళది, గట్టిది. ముగ్గురు పట్టినా మోయలేక మధ్యలో నేల మీద దించేశారు. మర్నాటి నుంచి ఆ పిల్ల మళ్ళీ హవాయి చెప్పులు చేతులకి తొడుక్కుంది. మళ్ళీ అందరికంటే ముందు రావడం, అందరి తర్వాత పోవడం. నీళ్ళ సీసా మళ్ళీ నిండుగా ఉండేది.

వానలు మొదలయ్యాయి. తడిసిన నల్లరాయి మీద రబ్బరు చెప్పు జారింది. పైమెట్టు నుంచి కిందదాకా వచ్చింది వీరవేణి. కుడిచెయ్యి మణికట్టు దగ్గర విరిగింది. మనకి చెయ్యి విరిగితే చెయ్యే విరిగినట్టు. ఆ పిల్లకి చెయ్యి విరిగితే నడకా పోయింది, రాతా పోయింది. కట్టు కట్టించి గదిలో పడుకోబెడితే చూడ్డానికి కాలేజీ కాలేజీ తరలివచ్చింది. హార్లిక్స్ సీసాలు, యాపిల్ పళ్ళు. మంచివాళ్ళని చెప్పాను కదా.

భాస్కరం గారు ఆ గదిలోనే మాటిచ్చేశారు. "ఇంక నువ్వు కాలేజీకి రానక్కర్లేదమ్మా. ఒక్కరోజు కూడా రావద్దు. అటెండెన్స్ మేం వేసేస్తాం. నోట్సులు నీ స్నేహితులు పంపిస్తారు. పరీక్షలకి వచ్చి రాసేసి పో. నిన్ను కష్టపెట్టే ప్రసక్తే లేదు."

సత్తెమ్మ ఆయన కాళ్ళకి దణ్ణం పెట్టబోయింది. వీరవేణి గోడ వైపు తిరిగి పడుకుంది. వారం తిరక్కుండా తల్లీకూతుళ్ళు గది ఖాళీ చేసి ఆత్రేయపురం వెళ్ళిపోయారు.

నేను మొదటిరోజు ఆబ్సెంట్ వేశాను. భాస్కరం గారు పిలిపించారు. "మీ కోపం నాకు తెలుసండీ. కానీ అటెండెన్స్ చాలకపోతే యూనివర్సిటీ వాళ్ళు పరీక్షకి కూర్చోనివ్వరు. మీ కోపానికి ఆ పిల్ల ఏడాది పోతుంది" అన్నారు. నిజమే. నా నిజం కంటే ఆయన అబద్ధమే ఆ పిల్లకి మేలు. మర్నాడు ఆ నంబరు పిలిచాను. క్లాసంతా ఒక్కసారే, "ప్రెజెంట్ మేడమ్" అంది. ప్రేమగా, పాట పాడినట్టు. అప్పట్నుంచి రోజూ అదే వరస. నేను పిలవడం, వాళ్ళు పలకడం, నేను టిక్కు పెట్టడం. ముందు బెంచీలో ఎవరూ కూర్చునేవాళ్ళు కాదు. వీరవేణి చోటని గౌరవం. కలం పక్కన పెట్టి నా మొహంలోకి చూసేవాళ్ళు ఇంకెవరూ లేరు. అందరూ బోర్డు మీదున్నది రాసుకునేవాళ్ళు. నేను గోడకి పాఠం చెప్పి వచ్చేదాన్ని.

పెద్దిరాజు గారి అబ్బాయి కాలు అతుక్కుంది. ఈశాన్యం తేలికపడినందుకే అన్నారు. ఎముకల డాక్టరు పేరు ఎవరూ తలవలేదు.

కానీ నేను అంత తేలిగ్గా వదిలే రకం కాదు. కాలేజీకి దగ్గర్లో మా మిషన్ బడి గది ఒకటుంది. రోడ్డుకి సమంగా ఉంటుంది, గడప కూడా లేదు. వెనకే బాత్రూము. పొద్దున్నే బడి మొదలయ్యేలోగా వాడుకోమన్నారు. ఎకనామిక్స్ ఆయన్నీ, స్టాటిస్టిక్స్ ఆయన్నీ కాళ్ళావేళ్ళా పడి ఒప్పించాను. మూడు పాఠాలూ అక్కడే చెబుతాం. వీరవేణి చెయ్యి ఈపాటికి అతుక్కుని ఉంటుంది. ఆ ఆదివారం గుడికి కూడా వెళ్ళకుండా ఆత్రేయపురం బస్సెక్కాను.

పెంకుటింటి వసారాలో పొయ్యి మండుతోంది. సత్తెమ్మ పిండిలో గుడ్డ ముంచి బోర్లించిన కుండ మీద లాగుతోంది, రేకు లేస్తోంది, పక్కన పడుతోంది. ఎదురుగా వీరవేణి ఆ రేకుల మీద నెయ్యి రాసి, పంచదార జల్లి, మడతలు పెడుతోంది. చెయ్యి బాగానే తిరుగుతోంది. నన్ను చూసి మొహం విప్పారింది.

నేను ఊపిరి తిప్పుకోకుండా అంతా చెప్పేశాను. గది సంగతి, గడప లేకపోవడం, ముగ్గురం ఒప్పుకోవడం. "రేపే వచ్చెయ్. వచ్చే ఏడాదికి కాలేజీ దారి సంగతి కూడా చూస్తాను" అన్నాను.

వీరవేణి మడతపెడుతున్న రేకు పూర్తిచేసి పళ్ళెంలో పెట్టింది. "నా కోసం మీరందరూ పొద్దున్నే రావడమేంటి మేడమ్. వద్దండి" అంది.

"నాకేం కష్టం లేదు."

"మీకుండదండి. ఆ ఇద్దరు సార్లకీ ఉంటుంది. చెప్పరు. మంచోళ్ళు కదండీ, చెప్పరు. ఎవరికి కష్టంగా ఉందోనని రోజూ మొహాలు చూసుకుంటూ కూర్చోవాలి నేను. పాఠం వినబుద్ధి కాదండి."

"నోట్సులు అందుతున్నాయా?" అన్నాను చివరికి.

"అందుతున్నాయండి. బట్టీపట్టేస్తున్నాను. పాసైపోతానండి."

"సందేహాలేమైనా ఉన్నాయా? అవైనా అడుగు. చెప్పి వెళ్తాను."

ఆ పిల్ల నా మొహంలోకి చూసింది. అడుగుతుందనుకున్నాను. చూపు దించేసుకుంది.

"ఏమీ లేవండి" అంది.

సత్తెమ్మ రేకుల పొట్లం కట్టడం మొదలుపెట్టింది, ప్రిన్సిపాల్ గారికి ఇమ్మని. పొయ్యి సెగకి వసారా ఉడికిపోతోంది. వీరవేణి పక్కనున్న చెంబు అందుకుని, తలెత్తి, గటగటా తాగింది. గొంతు మీంచి నీళ్ళు కారి జాకెట్టు తడిసింది. ఆ పిల్ల నా ఎదుట అలా తాగడం అది రెండోసారి.

చెంబు దించి, మూతి తుడుచుకుని, నన్ను ఓదారుస్తున్నట్టు నవ్వింది.

"బెంగపెట్టుకోకండి మేడమ్. ఇక్కడ హాయిగానే ఉందండి. దాహమేసినప్పుడు నీళ్ళు తాగుతున్నాను."

వచ్చెయ్ అని మళ్ళీ అనడానికి నాకు నోరు రాలేదు.